విమానాల మ్యూజియంలో వాలంటీర్ గైడు అవ్వడం ఎలా: సియాటిల్ నుంచి ఒక సమగ్ర మార్గదర్శి

కాంకార్డ్ విమానం ధ్వనికి రెండింతల వేగంతో పోతున్నప్పుడు ఒళ్ళంతా వేడెక్కి, పొడవు జానెడు దాకా సాగేది. అలా సాగినప్పుడు కాక్‌పిట్‌లో ఫ్లైట్ ఇంజనీరు ప్యానెల్‌కీ పక్క గోడకీ మధ్య ఒక సందు తెరుచుకునేది. చల్లబడగానే అది మూసుకుపోయేది. 2003లో కాంకార్డ్‌లని ఆపేస్తున్నప్పుడు, ఆఖరిసారి ఆ వేగంతో ఎగిరిన విమానాల్లో ఇంజనీర్లు తమ టోపీ తీసి ఆ సందులో పెట్టారు. విమానం చల్లబడింది, సందు మూసుకుంది, టోపీ అక్కడే ఇరుక్కుని ఉండిపోయింది. సియాటిల్‌లోని మ్యూజియం ఆఫ్ ఫ్లైట్‌లో ఉన్న కాంకార్డ్‌లో, బయటికి కనిపిస్తున్న ఆ టోపీ ముక్కని ఎవరో కోసుకుపోయారు. తెచ్చిచ్చేస్తే ఏమీ అనమని ప్రకటించాక అది మళ్ళీ వచ్చి చేరింది.

ఈ కథ చెప్పేటప్పుడు నేను బొటనవేలూ చిటికెనవేలూ చాపి జాన ఎంతో చూపిస్తాను. అప్పటిదాకా ఫోన్ చూసుకుంటున్నవాళ్ళు కూడా తలెత్తి విమానం వంక చూస్తారు. లోహం సాగుతుందన్న సంగతి అందరూ బళ్ళో చదువుకున్నదే. కానీ అది ఒక మనిషి టోపీని పట్టుకుని వదలలేదు అన్నప్పుడు ఆ పాఠం కళ్ళ ముందుకొస్తుంది. గైడుగా మనం చెయ్యాల్సింది అదే: ముందు వాళ్ళ చూపుని ఒక చోట నిలబెట్టాలి, ఆ తర్వాతే మాట.

అమెరికాలో ఇలాంటి గైడుని డోసెంట్ అంటారు. జీతం ఉండదు. నేను వారాంతాల్లో చేస్తున్న ఈ పనిలోకి రావాలనుకునే తెలుగువాళ్ళ కోసం, మొదటి నుంచీ ఏం చెయ్యాలో రాస్తున్నాను. ఉదాహరణలన్నీ సియాటిల్‌వే. వర్జీనియాలో డల్లెస్ ఎయిర్‌పోర్ట్ పక్కనున్న ఉడ్వర్-హేజీ సెంటర్‌లోనో, డల్లాస్‌లోని ఫ్రాంటియర్స్ ఆఫ్ ఫ్లైట్‌లోనో చేరదామనుకునేవాళ్ళకి విమానాలు మారతాయి, పని తీరు మాత్రం పెద్దగా మారదు.

మొదట టికెట్ కొనుక్కుని వెళ్ళండి

దరఖాస్తు ఫారం ముట్టుకోకముందే కనీసం రెండుసార్లు మ్యూజియం చూసి రండి. మొదటిసారి ఒక్కరే తిరగండి. ఏ విమానం దగ్గర మీ కాళ్ళు వాటంతటవే ఆగాయో రాసుకోండి. రెండోసారి ఒక డోసెంట్ వెంట టూర్‌లో నడవండి. ఆయన చెప్పేది మాత్రమే కాదు, జనాన్ని కూడా చూడండి. ఎక్కడ ముందుకి వంగారు, ఎక్కడ వాచీ చూసుకున్నారు, పిల్లలు ఏ ప్రశ్న అడిగారు? ఆ రోజు నేను రాసుకున్న కాగితం ఇప్పటికీ నాకు పనికొస్తోంది.

గైడు పని ఒక్కటే లేదని కూడా తెలుసుకోండి. విమానాల రిపేరు, పునరుద్ధరణ, లైబ్రరీ, పిల్లల కార్యక్రమాలు, గేటు దగ్గర పలకరింపు లాంటివి కూడా ఉంటాయి. చేతులతో పని చెయ్యడం ఇష్టమైతే ఎవరెట్‌లోని పెయిన్ ఫీల్డ్ విమానాశ్రయంలో ఉన్న రెస్టరేషన్ సెంటర్ మీకు స్వర్గం. నలుగురిలో మాట్లాడటం అంటే టెన్షన్ ఉన్నవాళ్ళు ముందు వేరే పనిలో చేరి, ఆ వాతావరణం అలవాటయ్యాక గైడు వైపు రావచ్చు.

దరఖాస్తు, వీసా

దీని గురించి పెద్దగా చెప్పాల్సింది లేదు. వెబ్‌సైట్‌లో ఫారం నింపాలి, ఎవరో ఒకరు మాట్లాడతారు, మీ వివరాలు సరిచూసుకుంటారు, శిక్షణ తేదీలు చెప్తారు. ‘నాకు విమానాలంటే చిన్నప్పటి నుంచీ పిచ్చి’ అనే మాట వాళ్ళు రోజూ వింటారు. దాని బదులు నెలలో ఎన్ని రోజులు రాగలరో, ఎంతసేపు నిలబడగలరో, ఏ భాషలు వచ్చో స్పష్టంగా చెప్పండి. తెలుగు, హిందీ వచ్చని తప్పకుండా చెప్పండి. సియాటిల్, బెల్‌వ్యూ, రెడ్‌మండ్ చుట్టూ మనవాళ్ళు ఎంతమంది ఉన్నారో మీకు తెలుసు. వాళ్ళ అమ్మానాన్నలు వేసవిలో వచ్చినప్పుడు చూపించే చోట్లలో ఇదొకటి.

హెచ్-1బీ, హెచ్-4 మీద ఉన్నవాళ్ళు అడిగే మొదటి ప్రశ్న వీసాకి ఇబ్బందా అని. లాభాపేక్ష లేని సంస్థలో, మామూలుగా వాలంటీర్లే చేసే పని, పైసా తీసుకోకుండా చేస్తే సాధారణంగా ఇబ్బంది ఉండదు. అయినా మీ పరిస్థితి మీది. మీ ఇమిగ్రేషన్ లాయర్‌ని ఒక్కమాట అడిగాకే సంతకం పెట్టండి. ఇంకొక సంగతి, ఉద్యోగులు వాలంటీరుగా పనిచేసిన గంటలకి లెక్కకట్టి ఆ సంస్థకి డబ్బిచ్చే కంపెనీలున్నాయి. మైక్రోసాఫ్ట్ అలాంటిదే. మీ ఆఫీసులో కనుక్కోండి. మీరు గంట నిలబడితే మ్యూజియానికి రెండు విధాలా లాభం.

చదవడం: ఒక్కో విమానానికి ఒక్కో పేజీ

శిక్షణలో చాలా సమాచారం ఇస్తారు. అదంతా బుర్రకెక్కించుకోవాలని చూస్తే నాలుగో వారానికి నీరసం వస్తుంది. నేను ఒక నోటుబుక్కులో విమానానికి ఒక పేజీ పెట్టుకున్నాను. పేజీ పైన ఒకే ఒక వాక్యం: ఈ విమానంలో కంటికి కనిపించే ఏ వస్తువు చూపించి మొదలుపెడతాను? దాని కింద కథ. అట్టడుగున అంకెలు. పొడవు, వేగం, ఇంజన్ శక్తి అక్కడ ఉంటాయి, ఎవరైనా అడిగితేనే బయటికి వస్తాయి.

ఉదాహరణకి రెడ్ బార్న్. అది బోయింగ్ కంపెనీ పుట్టిన చెక్క కట్టడం. 1909లో పడవల తయారీ కోసం కట్టింది. 1975లో దాన్ని బార్జి మీదకెక్కించి డువామిష్ నది వెంట ఇక్కడికి తెచ్చారు. ఈ సంవత్సరాలతో మొదలుపెడితే జనం తలలూపి ముందుకి నడిచిపోతారు. నేను రెక్కతో మొదలుపెడతాను. ఆ రోజుల్లో రెక్క అంటే స్ప్రూస్ చెక్కతో చేసిన బద్దల చట్రం. దాని మీద నార బట్ట పరిచి, ఆడవాళ్ళు సూదీ దారంతో కుట్టేవారు. తర్వాత డోప్ అనే ద్రవం పూసేవారు. అది ఆరుతూ బట్టని బిగదీస్తుంది. మనవాళ్ళు గుంపులో ఉంటే ‘నూలు చీరకి గంజి పెట్టి ఆరేస్తే ఎలా బిర్రుగా అవుతుందో, ఇది ఇంకా బిగువుగా, మద్దెల చర్మంలా’ అంటాను. ఒకసారి ఒక పెద్దావిడ వేళ్ళతో గాల్లోనే గంజి చీర విదిలించినట్టు చేసి చూపించారు, పక్కనున్న అమెరికన్ పిల్లలకి కూడా అర్థమయ్యేలా. అంతకంటే బాగా నేను చెప్పలేను.

అదే పేజీలో ఇంకో పేరుంటుంది: వాంగ్ త్సు. బీజింగ్‌లో పుట్టి, ఎంఐటీలో చదువుకుని, 1916లో బోయింగ్‌లో మొదటి ఏరోనాటికల్ ఇంజనీరుగా చేరిన చైనా యువకుడు. ఆయన పనిచేసిన మోడల్ సి విమానాలని అమెరికా నౌకాదళం 50 కొనుక్కోవడంతో కంపెనీ నిలదొక్కుకుంది. వేరే దేశం నుంచి వచ్చి ఇక్కడ ఇంజనీర్లుగా బతుకుతున్న మనకి ఆ పేరు తెలియకపోవడం నాకు బాధగా ఉండేది. అందుకే ప్రతి టూర్‌లోనూ చెప్తాను.

ఒక హెచ్చరిక. రెక్క ఎలా పనిచేస్తుందో చెప్పేటప్పుడు చాలామంది గైడ్లు, చాలా పాఠ్యపుస్తకాలు కూడా ఒక తప్పు చెప్తాయి. పైనుంచి పోయే గాలి ఎక్కువ దూరం వెళ్ళాలి కాబట్టి, కింది గాలిని రెక్క చివర కలుసుకోవడానికి వేగంగా పోతుందని. ఆ రెండూ ఒకేసారి కలుసుకోవాలన్న నియమం ఏదీ లేదు. రెక్క గాలిని కిందికి మళ్ళిస్తుంది, గాలి రెక్కని పైకి నెడుతుంది. పైన ఒత్తిడి తక్కువ, కింద ఎక్కువ. పిల్లలకైతే అరచెయ్యి చాపి, వెళ్తున్న కారు కిటికీ దగ్గర కొద్దిగా వాల్చి పట్టుకున్నట్టు ఊహించుకోమంటాను. చెయ్యి ఎటు లేస్తుందో వాళ్ళే చెప్తారు.

దారి వేసుకోవడం

గంట టూర్‌లో ఆరు చోట్ల ఆగితే చాలు. నేను మొదట్లో పదకొండు పెట్టుకున్నాను. ఆఖరి నాలుగు చోట్ల పరుగే మిగిలింది. ఆరింటిని ఎలా ఎంచుకోవాలి? ప్రసిద్ధమైనవి ఏరుకోవడం కంటే, ఒకదాని ప్రశ్నకి మరొకటి జవాబు చెప్పే జతలు వెతకండి.

నాకు అన్నిటికంటే ఇష్టమైన జత రోడ్డుకి అవతల, వంతెన దాటాక ఏవియేషన్ పెవిలియన్‌లో ఉంది. అక్కడ ప్రపంచంలోనే మొట్టమొదటి బోయింగ్ 747, అంటే జంబో జెట్, ఉంది. 1969 ఫిబ్రవరి 9న తొలిసారి ఎగిరిన విమానం అదే. అదే కప్పు కింద కాంకార్డ్ కూడా ఉంది. ముందు 747 దగ్గర ఆగి, ‘దీని నెత్తి మీద ఆ మూపురం ఎందుకు?’ అని అడుగుతాను. ఫస్ట్ క్లాస్ కోసం అంటారు, పైలట్‌కి బాగా కనపడాలని అంటారు. అందరినీ చెప్పనిస్తాను. అప్పుడు అసలు సంగతి. 1960లలో అందరూ అనుకున్నది ఏమిటంటే, త్వరలో జనమంతా ధ్వనిని మించిన వేగంతో పోయే విమానాల్లో తిరుగుతారు, 747 లాంటివి సరుకులు మోసుకుంటాయి అని. సరుకుల విమానానికి ముక్కు తెరుచుకోవాలి, ముక్కు తెరుచుకోవాలంటే కాక్‌పిట్ అడ్డు రాకూడదు. అందుకే దాన్ని మేడ మీద పెట్టారు.

ఇక్కడ మాట ఆపేస్తాను. నడిచి కాంకార్డ్ దగ్గరికి తీసుకెళ్తాను. 747ని సరుకులకి పంపించేస్తుందనుకున్న విమానం ఇదే. మొత్తం 20 తయారయ్యాయి, ప్రయాణికులతో తిరిగినవి 14. 747లు 1,574 తయారయ్యాయి, ఆఖరిది 2023 జనవరిలో ఇచ్చారు. ఆ అంకెలు చెప్పాక ఒక్క క్షణం ఎవరూ మాట్లాడరు, వెనక్కి తిరిగి ఆ మూపురం వంక చూస్తారు. అప్పుడు ఈ కాంకార్డ్ 2003 నవంబర్ 5న న్యూయార్క్ నుంచి సియాటిల్‌కి 3 గంటల 55 నిమిషాల్లో వచ్చిన సంగతి, ఆ తర్వాత టోపీ సంగతి. ఓడిపోయిన విమానం అని మాత్రం ఎప్పుడూ అనను. అరచేతంత కిటికీలు చూపించి, 60,000 అడుగుల ఎత్తున దాంట్లోంచి చూస్తే పైన ఆకాశం ముదురు రంగులోకి మారి కనిపించేదని చెప్తాను.

పెవిలియన్‌కి కప్పు ఉంది గానీ గోడలు లేవు. నవంబర్ నుంచి మార్చి దాకా అక్కడ ఎక్కువసేపు నిలబెట్టొద్దు. టూర్ మొదలయ్యేటప్పుడే జాకెట్ వేసుకోమని చెప్పండి, ముఖ్యంగా ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్ళకి.

సీనియర్ వెంట నడవడం, మొదటి టూర్

మీ సొంత టూర్‌కి ముందు కనీసం ముగ్గురు నలుగురు సీనియర్ డోసెంట్ల వెంట తిరగండి. వాళ్ళలో ఒకరు రిటైరైన బోయింగ్ ఇంజనీరు అయి ఉంటారు, ఒకరు పైలట్, ఒకరు బడి పంతులమ్మ. ఎవరి గొంతునీ అరువు తెచ్చుకోవద్దు. వాళ్ళు ఎక్కడ నిలబడుతున్నారో మాత్రం గమనించండి. వెలుతురు మీ ముఖం మీద పడాలి, జనం కళ్ళలో పడకూడదు. విమానాన్ని చూపించేటప్పుడు వీపు జనం వైపు పెట్టొద్దు. పక్కకి జరిగి చెయ్యి చాపండి. ఆఖరి మనిషి వచ్చి చేరేదాకా మొదలుపెట్టొద్దు. చక్రాల కుర్చీలో ఎవరైనా ఉంటే వాళ్ళకి ముందు వరుస, మీ దారిలో మెట్లున్న చోటికి లిఫ్ట్ ఎక్కడుందో ముందే తెలిసుండాలి.

మెత్తని బూట్లు వేసుకోండి. నీళ్ళ సీసా, జేబులో రెండు లవంగాలు పెట్టుకోండి. గొంతు ఆరిపోతుంటే లవంగం బుగ్గన పెట్టుకుంటే చాలు, ఇది మా అమ్మ చెప్పిన చిట్కా, మ్యూజియంలో ఇద్దరు అమెరికన్ డోసెంట్లు కూడా ఇప్పుడు పాటిస్తున్నారు.

పిల్లలు విమానాన్ని ముట్టుకుంటారు. కసురుకోవద్దు. ‘మన చేతికి చెమట ఉంటుంది కదా, దాంట్లో ఉప్పు ఉంటుంది. అది ఈ లోహాన్ని మెల్లగా తినేస్తుంది, రోజూ వెయ్యి మంది ముట్టుకుంటే ఏమవుతుందో చెప్పు నాన్నా’ అంటే, ఆ పిల్లవాడే తర్వాత మిగిలినవాళ్ళని ఆపుతాడు.

ప్రశ్నలు, తప్పులు

నా మొదటి నెలలో పెద్ద తప్పు చేశాను. గ్రేట్ గ్యాలరీలో నల్లగా, వీపు మీద డ్రోన్ మోస్తూ నిలబడిన విమానం ఎస్‌ఆర్-71 అనే గూఢచారి విమానం అని ధైర్యంగా చెప్పాను. టూర్ అయ్యాక ఒక పెద్దాయన పక్కకి పిలిచి, అందరి ముందూ కాకుండా, ఇది ఎం-21 అని మెల్లగా చెప్పారు. అమెరికా గూఢచారి సంస్థ సీఐఏ కోసం చేసిన ఏ-12 విమానం నుంచి పుట్టింది. రెండే తయారయ్యాయి, మిగిలింది ఇదొక్కటే. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మర్నాటి నుంచి నియమం పెట్టుకున్నాను: రెండు చోట్ల సరిచూసుకోని మాట టూర్‌లో రాదు. తెలియని ప్రశ్న వస్తే ‘నాకు తెలియదు, కనుక్కుంటాను’ అనడం. అలా అన్నందుకు ఇంతవరకూ ఎవరూ చిన్నబుచ్చలేదు.

ఇంకో రకం పరిస్థితి కూడా వస్తుంది. గుంపులో మీకంటే ఎక్కువ తెలిసినవాళ్ళు ఉంటారు. ఈ ఊళ్ళో బోయింగ్‌లో ముప్పై ఏళ్ళు పనిచేసినవాళ్ళు వీధికి ఒకరుంటారు. వాళ్ళని పోటీ అనుకోవద్దు. ‘మీరు దీని మీద పనిచేశారా సర్?’ అని అడిగి రెండు నిమిషాలు మాట వాళ్ళకి ఇచ్చేయండి. 747 రెక్కలో రివెట్లు కొట్టిన మనిషి స్వయంగా మాట్లాడుతుంటే విన్నవాళ్ళు జన్మలో మర్చిపోరు. రెండు నిమిషాలయ్యాక కృతజ్ఞత చెప్పి, ముందుకి నడవండి.

చావు, యుద్ధం

దీని గురించి ఎవరూ సరిగ్గా నేర్పరు. మీరే కూర్చుని ఆలోచించుకోవాలి. ఆ ఎం-21కి తోడుగా ఉన్న రెండోది 1966 జులై 30న కూలిపోయింది. వీపు మీద నుంచి వదిలిన డ్రోన్ వెనక్కి వచ్చి తల్లి విమానాన్నే ఢీకొట్టింది. పైలట్ బిల్ పార్క్ బతికారు, డ్రోన్ వదిలే పని చూసే రే టోరిక్ సముద్రంలో మునిగి చనిపోయారు. ఈ మాట చెప్పేటప్పుడు గొంతు తగ్గించండి. పేరు చెప్పండి. తర్వాత వెంటనే ఇంకో సరదా కథలోకి దూకొద్దు. కొన్ని అడుగులు మౌనంగా నడవనివ్వండి.

బి-29 అనే బాంబర్ విమానం దగ్గర మరీ జాగ్రత్త. ఇక్కడున్న విమానం జపాన్ మీద బాంబులు వేసింది. హిరోషిమా, నాగసాకి మీద అణుబాంబులు వేసినవి వేరే విమానాలు, ఇదే రకానివి. మీ గుంపులో జపాన్ మూలాలున్న కుటుంబం ఉండొచ్చు, ఆ యుద్ధంలో తాతని పోగొట్టుకున్న అమెరికన్ ఉండొచ్చు. ఇద్దరూ తల దించుకోకుండా వినగలిగే మాటలే వాడండి. విశాఖ నుంచి వచ్చిన ఒక రిటైర్డ్ టీచరుగారు నాతో, ‘మా ఊరి మీద జపాన్ బాంబులు వేసిందయ్యా’ అన్నారు. నిజమే, 1942 ఏప్రిల్ 6న విశాఖ, కాకినాడల మీద జపాన్ విమానాలు దాడి చేశాయి. ఆయన నాన్నగారు ఊరు ఖాళీ చేసి వెళ్ళిన సంగతి చెప్పారట. ఆ తర్వాత ఆయన బి-29 కింద కూడా చాలాసేపు నిలబడ్డారు. ఏమీ అనలేదు, నేనూ కదిలించలేదు.

స్పేస్ షటిల్ శిక్షణ నమూనా దగ్గర మనవాళ్ళు తప్పకుండా కల్పనా చావ్లా గురించి అడుగుతారు. హ్యూస్టన్‌లో షటిల్ వ్యోమగాములు శిక్షణ పొందిన ఈ నమూనా 2012లో ఇక్కడికి వచ్చింది. చాలా భాగం చెక్కే, రెక్కలు లేవు. ఆమె కూడా ఇందులో శిక్షణ తీసుకున్నారని చెప్పండి. ఆమె చనిపోయిన కొలంబియా షటిల్ ప్రమాదం గురించి వాళ్ళు అడిగితే చెప్పండి, 2003 ఫిబ్రవరి 1 చాలామందికి ఇప్పటికీ గుర్తుంది.

తెలుగులో టూర్

తెలుగు కుటుంబాలు వచ్చినప్పుడు ఇంగ్లిష్ టూర్‌ని నోట్లో తెలుగు చేసి చెప్పొద్దు. మొదటి నుంచే తెలుగులో ఆలోచించి పెట్టుకోండి. ఇంజన్, కాక్‌పిట్, ల్యాండింగ్ గేర్ అలాగే ఉంచేయండి, రెక్క, తోక, ముక్కు మనవే. పైకప్పుకి వేలాడే డీసీ-3 దగ్గర, బేగంపేట నుంచి నిజాం కాలం నాటి దక్కన్ ఎయిర్‌వేస్ నడిపింది ఈ రకం డకోటాలనే అని చెప్తే హైదరాబాదువాళ్ళ మొహాలు వెలిగిపోతాయి. వైజాగ్ బీచ్‌లో టీయూ-142 విమానం ఎక్కి చూసినవాళ్ళకి, దాని ఇంజన్ ఒక్కోదానికి రెండేసి ప్రొపెల్లర్లు ఎదురెదురుగా తిరుగుతాయని గుర్తుచేసి, ఇక్కడి ప్రొపెల్లర్లతో పోల్చి చూడమనండి.

ఒంగోలు వైపు నుంచి వచ్చిన ఒకామె 747 కింద నిలబడి నన్ను అడిగారు:

‘మా పెద్దాడు అమెరికా వచ్చింది ఇందులోనేనా నాయనా?’

‘ఇలాంటిదాంట్లోనే అమ్మా. ఎయిరిండియావాళ్ళు 1971 నుంచీ నడిపారు.’

‘ఇంత ఇనుము పైకెట్లా లేస్తది?’

‘ఇనుము కాదమ్మా. మన సత్తు గిన్నె ఉందే, ఎక్కువ భాగం ఆ అల్యూమినియమే. గట్టిపడటానికి దాంట్లో రాగి లాంటివి కలుపుతారు.’

ఆమె కొడుకు వంక తిరిగి, ‘సత్తు గిన్నెలో వచ్చావురా నువ్వు’ అన్నారు. ఆ మాట నోటుబుక్కులో 747 పేజీలో రాసుకున్నాను. ఇప్పుడు తెలుగు టూర్‌లో మూపురం కంటే ముందు అదే వస్తుంది.

టూర్ అయ్యాక

ఇంటికి బయల్దేరకముందే, పార్కింగ్‌లో కూర్చుని అయిదు నిమిషాలు రాయండి. ఎక్కడ జనం ముందుకి వచ్చారు, ఎక్కడ జారుకున్నారు, ఏ ప్రశ్నకి జవాబు తెలియలేదు. ఇంటికెళ్తే మర్చిపోతారు. నా నోటుబుక్కు చివర పేజీల్లో అలాంటి ప్రశ్నలే ఉంటాయి. పోయిన శనివారం ఒక ఏడేళ్ళ పాప గోసమర్ ఆల్బట్రాస్ కింద నిలబడి అడిగింది. మనిషి కాళ్ళతో తొక్కితే ఎగిరే విమానం అది, దీని జోడీ 1979లో ఇంగ్లిష్ ఛానెల్ దాటింది. ‘తొక్కుతున్నప్పుడు వాళ్ళకి దాహం వేస్తే నీళ్ళు ఎవరిచ్చారు?’ అంది. ఈ వారం మ్యూజియం లైబ్రరీలో అది వెతకాలి.